పదకొండో ఇంటి తొలి బోనం

ఛత్రినాక,
17 జూన్ 2025

కమలా, బిడ్డా,

నువ్వు బాగానే ఉంటావని నాకు తెలుసు, అందుకే అడగను. నా సంగతి చెప్తాను. పిండి గిర్నీకి కొత్త బెల్టు వేయించాను. మోకాలు మాత్రం పాతదే, దానికి ఏ దుకాణంలోనూ బెల్టు దొరకలేదు. పోయిన వారం మీ నాన్న ఫలక్‌నుమా నుంచి వచ్చి, "అక్కా, గీ వయసుల నీకు గిర్నీ ఎందుకే, బంద్ పెట్టు" అని సలహా ఇచ్చాడు. ఇచ్చి, ఒక సంచి జొన్నలు పట్టించుకుని పోయాడు.

నువ్వు ఫోన్ చేస్తావు కానీ నాకు అందులో గిర్నీ మోత తప్ప ఏమీ వినపడదు. ఎదురుగా నిలబడి అరిచే వాళ్ళ మాటే నాకు మాట. కాబట్టి ఉత్తరమే రాయి, అక్షరాలు పెద్దగా రాయి.

ఇక అసలు సంగతి. ఈ ఏడు మన గల్లీ తొలి బోనం నాది. పదకొండు ఇళ్ళలో పది ఇళ్ళకు వంతు వచ్చిపోయింది. ఒకసారి ఎత్తిన ఇంటిని వరుస పూర్తయ్యే దాకా మళ్ళీ చీటీలో వెయ్యరు కదా. మిగిలింది చివరి ఇల్లు, పదకొండో నంబరు, నాదే. మా అయ్య పోయిన నాటి నుంచి ఈ గిర్నీ నడిపాను, మీ నాన్నను చదివించాను, నా పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దానికి నాకేం బాధ లేదు. కానీ డప్పులు నా వాకిట్లో ఆగాలని, నా పేరు పెట్టి పిలవాలని, నా నెత్తి మీది బోనం వెనక గల్లీ అంతా నడవాలని మాత్రం చాలా ఏళ్ళుగా ఆశ.

ఒక్క ఇల్లే మిగిలింది కదా, ఇంకేం తీస్తారు అనుకునేవు. గుడి కమిటీ నడిపే భిక్షపతి ఒప్పుకోడు. డిపోలో కండక్టరు పని మానినా టికెట్ లేనిదే ఎవరినీ ఎక్కించడు. "అమ్మ పిలువంది బోనం ఎత్తొద్దు అక్కా. నా వంతు అని మనమే ఎత్తుకుంటే అది బోనం గాదు, ఉత్త కుండ" అన్నాడు. నిజమే, మన గల్లీ పద్ధతి అదే. చీటీల కాలంలో కళావతి తన చీటీ మందంగా మడిచిందని లొల్లి జరిగితే, కాలేజీలో ఉన్న నువ్వే కదా కంప్యూటర్‌లో చీటీ తయారుచేసి ఇచ్చావు. మిగిలిన ఇళ్ళ నంబర్లు కొట్టి మీట నొక్కితే తెర మీద ఒక నంబరు పడుతుంది. అప్పటి నుంచి కొట్లాటలు లేవు. ఈసారి ఆషాఢం మొదటి రోజు, గురువారం సాయంత్రం నొక్కుతారు. బోనాలు జూలై ఇరవై, ఆదివారం. ఇప్పుడే సెలవు అడుగు.

నీ కంప్యూటర్ భాషకు పేరు ఒక్క అక్షరమేనట కదా. పేరు పెట్టిన వాళ్ళకు అంత బద్ధకమా?

మీ అత్త,
ఆగమ్మ

*

నాగపూర్,
21 జూన్ 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వితే పక్క వాళ్ళంతా తలలెత్తి చూశారు. మోకాలికి బెల్టు నిజంగానే దొరుకుతుంది, మందుల షాపులో అడుగు.

అవును, దాని పేరు ఒక్క అక్షరమే. ఆర్. లెక్కలు చేసే వాళ్ళు లెక్కల కోసం చేసుకున్న భాష. ఇక్కడ పంటల బీమా లెక్కలన్నీ దానితోనే చేస్తాను. దాని వంకర బుద్ధులు చెప్తే నీకు నచ్చుతుంది. చాలా కంప్యూటర్ భాషలు సున్నా నుంచి లెక్కపెడతాయి, ఇది మాత్రం మనలాగే ఒకటి నుంచి మొదలుపెడుతుంది. పది మంది వయసుల్లో ఒకరిది తెలియదని చెప్పి సగటు ఎంత అని అడిగావనుకో, మిగతా తొమ్మిదీ పక్కన పడేసి "తెలియదు" అని కూర్చుంటుంది, అచ్చం అమ్మ కూరగాయల ధర అడిగినప్పుడు నాన్న కూర్చున్నట్టు. ఇంకో బుద్ధి ఉంది. పన్నెండు నెలల వాన లెక్కకు పన్నెండు సవరణలు ఇవ్వాల్సిన చోట మూడే ఇస్తే, తక్కువయ్యాయని చెప్పదు. ఆ మూడింటినే మళ్ళీ మళ్ళీ తిప్పి పన్నెండుకూ సరిపెడుతుంది. నోరు తెరిచి ఒక్క మాట కూడా అనదు. పోయిన నెల ఇక్కడ ఒకాయన అలాగే మునిగాడు. నేను పట్టుకున్నాను.

దీని వంకరలన్నీ నాకు కొట్టిన పిండి. కాబట్టి నీ చీటీ గురించి ఫికర్ చెయ్యకు. నేను రాసింది తప్పదు. ఉన్నది ఒక్క నంబరైతే ఆ ఒక్కటే పడాలి, ఇంకేం పడుతుంది? కొత్త కుండ కొనుక్కో, పసుపు చీర తీసి ఎండలో వెయ్యి.

సెలవు మాత్రం అనుమానంగా ఉంది. ఖరీఫ్ లెక్కలు నెత్తి మీదున్నాయి. ప్రయత్నం చేస్తాను.

నీ మేనకోడలు,
కమల

*

ఛత్రినాక,
27 జూన్ 2025

కమలా,

నిన్న సాయంత్రం మీట నొక్కారు. నాలుగో నంబరు పడింది.

నాలుగు అంటే కళావతి ఇల్లు. ఎప్పుడో ఎత్తేసిన ఇల్లు. గల్లీ అంతా కుర్చీలు వేసుకుని కూర్చుంది, డప్పుల వాళ్ళు కూడా వచ్చారు. నేను పసుపు చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను, పిలవగానే లేవాలని ఒక కాలు ముందుకు కూడా పెట్టుకున్నాను. తెర మీద నాలుగు చూసి మళ్ళీ నొక్కమని ఒకరిద్దరన్నారు. భిక్షపతి, "అమ్మ పిలుపు ఒక్కసారే ఉంటది, మనకు నచ్చిందాక నొక్కుకుంట పోతమా?" అన్నాడు. కళావతి ఏడ్చేసింది, సంతోషంతోనే. అమ్మ తనను రెండోసారి కోరుకుందట.

అప్పుడు నాగమణమ్మ లేచింది. ఆమె సంగతి నీకు తెలుసు, నాకు వినపడాలనుకున్నది నా చెవి దగ్గరకే వచ్చి అంటుంది. "ఒంటి ఇల్లు గదా ఆగమ్మా. మొగుడు లేడు, పిల్లలు లేరు. అమ్మ దాటి పోయింది. మనసుల పెట్టుకోకు" అంది. నేను లేచి ఇంటికి వచ్చాను.

రాత్రంతా ఆలోచించి నిన్ను ఒక మాట అడుగుతున్నాను. పోయిన దసరాకు నా చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టడానికి రాలేదని నలుగురిలో నిన్ను తిట్టాను. పెద్దదాన్ని, తిట్టే హక్కు నాకు ఉందనుకున్నాను. అది మనసులో పెట్టుకున్నావా? నేను రాసింది తప్పదు అని నువ్వే రాశావు. తప్పకపోతే, ఆ నాలుగు నువ్వు వేయించిందే అవుతుంది కదా. నిజం చెప్పు. తిట్టినా సరే, నిజమే చెప్పు.

ఆగమ్మ

*

నాగపూర్,
30 జూన్ 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం తిండి ముట్టలేదు. తర్వాత కోపంతో రెండింతలు తిన్నాను.

జమ్మి కోసం నువ్వు తిట్టింది నాకు నిజంగానే నొచ్చింది. నొచ్చితే నీ మీద అరుస్తాను, నాలుగు నెలలు ఉత్తరం రాయను, అంతేగానీ అమ్మవారి చీటీలో చెయ్యి పెట్టే రకాన్ని కాను. నన్ను ఎత్తుకుని పెంచిన దానివి, నీకు ఈ అనుమానం ఎలా వచ్చింది? నాన్నకు చెప్తే, "మా అక్క గంతే, కోపమొస్తే దేవుణ్ణి గూడ వరుసల నిలబెడ్తది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నా లెక్కలో తప్పు లేదు. ఇన్నేళ్ళు సరిగ్గా చెప్పింది, పోయిన ఏడు రెండు ఇళ్ళు మిగిలినప్పుడు కూడా ఆ రెండింటిలో ఒకదాన్నే చెప్పింది. ఇవ్వని నంబరు బయటికి రాదు. నాలుగు వచ్చిందంటే ఎవరో నాలుగు కొట్టారన్న మాట. కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక్కడే, బాబాయి వరసలో నేను కాక అని పిలిచే భిక్షపతి. కావాలని చేశాడని అనను, కళ్ళజోడు పెట్టుకోకుండా పాత పట్టీలో చూసి కొట్టి ఉంటాడు. ఆయన్ని అడుగు, నన్ను కాదు.

కమల

*

ఛత్రినాక,
4 జూలై 2025

కమలా,

అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

నీ ఉత్తరం పట్టుకుని భిక్షపతి ఇంటికి పోయాను. నా గొంతు ఎంత పైకి లేస్తుందో నాకు తెలియదు కదా, నల్లా దగ్గర బిందెలు పెట్టిన వాళ్ళంతా విన్నారట. "కళావతి నీకేమన్న చుట్టమా? నాలుగు ఎందుకు కొట్టినవ్?" అని అడిగాను. ఆయన మొహం ఎర్రబడింది. "అక్కా, నేను పదకొండు కొట్టిన. ఒక్కటే మిగిలె గదా, ఒక్కటే కొట్టిన. ముప్పై ఏండ్లు బస్సుల తిరిగిన, ఒక్కనితోని మాట పడలే. ఇగ మీ కమిటీ మీరే నడుపుకోండ్రి" అన్నాడు. లోపలికి పోయి, గుడి గది తాళాలు, ఆ కంప్యూటర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇప్పుడవి మా ఇంట్లో జొన్నల బస్తా మీద ఉన్నాయి. బోనాలకు పదహారు రోజులుంది, డప్పుల వాళ్ళను మాట్లాడే మనిషి లేడు, గుడికి సున్నం వేయించే దిక్కు లేదు. సగం గల్లీ నాతో మాట్లాడడం లేదు. మిగతా సగం జాలిగా మాట్లాడుతోంది, అది ఇంకా కష్టంగా ఉంది.

పక్క గల్లీ సురయ్యా గోధుమలు పట్టించడానికి వచ్చింది. మొహర్రం కదా, నల్ల ఓణీలో ఉంది. నా మొహం చూసి సంగతంతా రాబట్టి, "అరే ఆపా, మషీన్‌కు మీరు తెలుసా, మీకు మషీన్ తెలుసా? రూఠ్‌నా హై తో ఆద్మీ సే రూఠో" అని పోయింది. నిజమే, అలగడానికి కూడా మనిషి ఉండాలి కదా. ఎవరి మీద అలగాలో నాకు తేలడం లేదు. నువ్వు చెయ్యలేదంటావు, నేను నమ్ముతున్నాను. భిక్షపతి చెయ్యలేదంటాడు, ఆయన కళ్ళు చూశాను, ఆయన్నీ నమ్ముతున్నాను. ఇద్దరూ చెయ్యకపోతే మిగిలింది అమ్మవారే. అంటే నాగమణమ్మ అన్నదే నిజం అవుతుంది.

అలాగైతే నేను ఇక బోనం ఎత్తను. తొలి బోనమే కాదు, ఏ బోనమూ ఎత్తను. తెచ్చిన కుండను గిర్నీ వెనక బోర్లించాను. నువ్వు కూడా సెలవు పెట్టి రావద్దు.

ఆగమ్మ

*

నాగపూర్,
8 జూలై 2025

అత్తమ్మా,

కుండ తిరగెయ్యి. ముందు ఆ పని చేసి తర్వాత ఈ ఉత్తరం చదువు.

"ఒక్కటే మిగిలె గదా, ఒక్కటే కొట్టిన" అన్నాడు కదా భిక్షపతి కాక. ఆ మాట చదివాక నా పెద్దరికం పక్కన పెట్టి, ఆఫీసులోనే ఆ పాత చీటీ తీసి పదకొండు ఒక్కటే కొట్టి నొక్కాను. ఏడు వచ్చింది. మళ్ళీ నొక్కాను, రెండు. మళ్ళీ, తొమ్మిది. 

జరిగింది ఇది. రెండు నంబర్లు ఇచ్చి ఒకటి తియ్యమంటే ఆర్ ఆ రెండింటిలోంచే తీస్తుంది. పది ఇచ్చినా అంతే. కానీ ఒక్క నంబరే ఇస్తే అది ఒక ఇల్లు అనుకోదు, ఎంతవరకు లెక్కపెట్టాలో చెప్తున్నారు అనుకుంటుంది. పదకొండు అంటే ఒకటి నుంచి పదకొండు దాకా అని తానే విడదీసుకుని, ఆ పదకొండింటిలోంచి ఏదో ఒకటి తీస్తుంది. రాసే వాళ్ళకు శ్రమ తగ్గుతుందని ఎవరో ఏనాడో చేసి పెట్టిన సౌకర్యమట. దీనితో జాగ్రత్త అని ఆ భాష సహాయం పేజీలోనే రాసి ఉంది. నేను చదివిన పేజీయే. అన్ని వంకరలూ కొట్టిన పిండి అని నీకు గొప్పలు రాశాను చూడు, ఆ పిండిలో ఈ రాయి ఉండిపోయింది.

చీటీ చేసిన రోజున ఒక్క నంబరుతో నేను పరీక్ష పెట్టలేదు. ఒక్కరే మిగిలాక కూడా మీట నొక్కే వాళ్ళుంటారని తోచలేదు. లోకంలో ఎవరైనా, ఇక తీసేదేముంది, ఆమెదే కదా అంటారు. మన గల్లీ వాళ్ళు అనరు, పిలుపు కావాలంటారు. ఆ గల్లీలో పెరిగిన నాకు అది గుర్తుండాల్సింది.

కాబట్టి కళావతి అత్త దొంగ కాదు, కాక తప్పు కొట్టలేదు. నువ్వు ఒంటిదానివని అమ్మ దాటిపోలేదు. నిన్ను దాటిపోయింది నా చీటీ. నాగమణమ్మ అన్న మాట నీ చెవిలో పడడానికి కారణం కూడా నేనే, పైగా కాక మీదికి నిన్ను ఎగదోశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను, ఇప్పుడు బాగానే ఉన్నాను.

కాకకు వేరే కాగితం రాసి ఇందులోనే పెట్టాను. నువ్వే తీసుకుపోయి ఇవ్వు, తాళాలు కూడా ఇచ్చెయ్యి. ఒక్క నంబరే ఉంటే దాన్నే చూపించేలా ఆ చీటీలో ఒక లైను మారిస్తే చాలు, ఎలా మార్చాలో ఆయన కాగితంలోనే రాశాను. నమ్మని వాళ్ళుంటే పాత చీటీలో పదకొండు కొట్టి పదిసార్లు నొక్కి చూడమను.

సెలవు దొరికింది. దొరకలేదు, గుంజుకున్నాను.

నీ కమల

*

ఛత్రినాక,
12 జూలై 2025

కమలా, బిడ్డా,

కుండ తిరగేశాను. ఉత్తరం మొత్తం చదివాకే తిరగేశాను, నువ్వు చెప్పినట్టు ముందే చేస్తే నేను ఆగమ్మనెలా అవుతాను?

భిక్షపతి ఇంటికి పోవడం కష్టమైంది. అరవడానికి పోయినప్పుడు ఉన్న కాళ్ళు, తప్పు ఒప్పుకోవడానికి పోయేటప్పుడు లేవు. గడప దగ్గరే నిలబడి, "భిక్షపతీ, నోరు జారింది" అన్నాను. నీ కాగితం ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అక్కా, గీ పోరి నన్ను కాక అని రాసింది సూడు. ఇగ నాకేం లేదు. తాళాలు గిట్ల తే" అన్నాడు. ఆయన భార్య చాయ్ ఇచ్చింది.

నిన్న సాయంత్రం మళ్ళీ గల్లీని కూర్చోబెట్టాడు. నీ ఉత్తరం చదివి వినిపించాడు. నాగమణమ్మ నమ్మలేదు. అప్పుడు అందరి ముందూ పదకొండు కొట్టి నొక్కాడు. ఎనిమిది పడింది. మళ్ళీ నొక్కితే మూడు. మూడు అంటే నాగమణమ్మ ఇల్లే. "ఏంది, నన్ను గూడ పిలుస్తున్నదా?" అని ఆమె కంగారు పడితే గల్లీ అంతా ఒకటే నవ్వు. అటు తర్వాత నంబరు పడ్డప్పుడల్లా ఆ ఇంటి వాళ్ళు లేచి దండం పెట్టడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి నా మోకాలి నొప్పి మరిచిపోయాను. చివరికి నాగమణమ్మ నా దగ్గరకు వచ్చి ఏదో అంది. ఈసారి మెల్లగా అంది, వినపడలేదు. అడగలేదు, మొహం చూస్తే తెలిసింది.

నవ్వులయ్యాక అసలు చిక్కు మొదలైంది. ఇప్పుడు తొలి బోనం ఎవరిది? కళావతి లేచింది. తప్పుకుంటుందేమో అనుకున్నాను. "నేనైతే దిగను. మిషన్ తప్పో ఒప్పో, నన్ను పిలిచిండ్రు, నేను మొక్కుకున్న. గని ఆగమ్మ వదినె లేకుండ గూడ ఎత్త. ఇద్దరం ఎత్తుతం. పక్కపక్కనే నడుస్తం, ఎవరు ముందంటే వాని నోట్ల మన్నువడ" అంది. ఆమె మీద నాకున్న పాత కోపాలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. గిర్నీలో ఆమె గోధుమలకు ఎప్పుడూ చివరి వంతు ఇచ్చేదాన్ని, ఇక ఇవ్వను.

భిక్షపతి తల గోక్కుని, పద్ధతి ఏమవుతుంది అన్నాడు. అప్పుడు నేను లేచాను. వచ్చే ఏడు కొత్త వరుస మొదలవుతుంది కదా. పదకొండు ఇళ్ళూ చీటీలో వెయ్యండి, ఏటా ఒకరిని తియ్యండి. ఇద్దరు మిగిలాక మాత్రం తియ్యడం ఆపండి. ఆ ఇద్దరూ కలిసి ఎత్తాలి, పిలుపు ఇద్దరికీ కలిపే. ఒక్క మనిషి ఆఖరున కూర్చుని ఎదురుచూడడం ఇక ఈ గల్లీలో ఉండొద్దు అన్నాను. ఎవరూ కాదనలేదు. డప్పుల వాళ్ళయితే అక్కడే రెండు దెబ్బలు కొట్టారు.

అందుకే చెప్తున్నాను, నువ్వు రాసిన ఆ లైను భిక్షపతిని మార్చనివ్వలేదు. "మరి మిషన్ బాగు చెయ్యొద్దా అక్కా?" అని అడిగాడు. "దానికి ఒంటి మనిషి కనవడదట. ఇగ మనం చూపియ్యం గదా, గట్లనే ఉండనీ" అన్నాను.

నువ్వు శనివారమే బండి ఎక్కు. ఆదివారం పొద్దున డప్పులు ముందు కళావతి ఇంటికి పోయి, ఆమెను తీసుకుని నా ఇంటికి వస్తాయి. బోనం నా నెత్తి మీదికి ఎత్తి పెట్టే మనిషి మా ఇంటి మనిషే అయి ఉండాలట, నీకెవరున్నారని భిక్షపతి అడిగాడు. నాకు ఎవరూ లేరని గల్లీ అనుకునేది కదా. నాగపూర్ నుంచి నా కోడలు వస్తోంది, రాసుకో అన్నాను.

మీ అత్త,
ఆగమ్మ